స్పీకర్‌గారి మొదటి భాష

నాగజ్యోతిని కిందటి వారం ఒక మూసిన తలుపు ముందు నిలబెట్టి వచ్చేశాం. ఆవిడ ఇంకా అక్కడే ఉంది, ఎండలో.

ఆ తలుపు బాపట్ల శివార్లలో, కర్లపాలెం పోయే రోడ్డు పక్కన, జనం ఇప్పటికీ కాందిశీకుల కాలనీ అని పిలిచే చోట ఉంది. అరవై ఏళ్ల కిందట రంగూన్ నుంచి ఓడల్లో తిరిగొచ్చిన తెలుగువాళ్లకు కట్టించిన ఇళ్లవి. తలుపు వెనక ఉన్నది బసవమ్మ. అసెంబ్లీ స్పీకర్ జమలయ్యకు స్వయానా అక్క, ఆయన కూతురు నాగజ్యోతికి మేనత్త. ముప్పై ఏళ్లుగా ఆవిడ తమ్ముడి గడప తొక్కలేదు, తమ్ముడు ఆవిడ గడప తొక్కలేదు. ఎందుకని చిన్నప్పుడు నాగజ్యోతి ఒకటి రెండుసార్లు అడిగింది. "పెద్దవాళ్ల సంగతులు నీకెందుకే" అని తల్లి మాట దాటేసింది. ఆ తల్లీ పోయింది.

జమలయ్య రేపల్లెలో సన్మాన సభలో, మెడలో దండ ఉండగానే కుప్పకూలాడు. పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్తే పార్టీ అంతా వచ్చి మంచం చుట్టూ మూగుతుందని, తెనాలిలో తెలిసిన డాక్టరు నడిపే చిన్న నర్సింగ్‌హోమ్‌లో చేర్పించింది నాగజ్యోతి. కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి. దెబ్బ తగిలింది మాటకి. "ఓపిక పట్టండమ్మా, మెల్లగా వస్తుంది" అన్నాడు డాక్టర్ అనుదీప్. వచ్చింది కూడా. కానీ వచ్చిన మాట తెలుగు కాదు.

"అర్థంలేని శబ్దాలండి. ఇలాంటి కేసుల్లో మామూలే" అన్నాడు డాక్టరు.

నాగజ్యోతి తల ఊపింది గానీ నమ్మలేదు. అర్థంలేని శబ్దం చేసేవాడు జవాబు కోసం ఎదురుచూడడు. నాన్న ప్రతిసారీ ఏదో అని, ఆగి, చెవి ఒగ్గి, ఎదుటివాళ్ల మొహంలోకి చూస్తున్నాడు. జవాబు రాకపోయేసరికి అదే మాట మళ్లీ మొదటినుంచి చెబుతున్నాడు. వినేవాళ్లదే తప్పన్నట్టు కాదు, తానే సరిగ్గా చెప్పలేకపోయానన్నట్టు.

అది ఏ భాష అయి ఉంటుందో ఆవిడకు తెలుసు. ఆరేళ్లదాకా ఆయన పెరిగింది రంగూన్‌లోనే. జమలయ్య రాజకీయమంతా ఒక్క వాక్యం మీద నిలబడింది. "నేను పుట్టింది చీరాలలో, మా అమ్మమ్మగారింట్లో, మగ్గం పక్కన. నెలల పిల్లాడిగా ఓడెక్కాను, ఆరేళ్లవాడిగా ఓడ దిగాను. బర్మా మాట నాకొక్కటి రాదు." బర్మావాడు, బర్మావాడు అని ఎగతాళి చేసిన ప్రతి ఎన్నికలోనూ ఈ వాక్యం చెప్పే గెలిచాడు. సభ మళ్లీ మొదలయ్యేలోపు ఆయన లేవకపోతే డిప్యూటీ స్పీకర్ కుర్చీలో కూర్చుంటాడు. అది పెద్ద నష్టం కాదు. కానీ ఆ నోట వస్తున్నది ఫలానా భాష అని బయటికి పొక్కితే ఆయన బతుకే అబద్ధమైపోతుంది. ఆ భాష తెలిసి, నోరు విప్పని మనిషి కావాలి. అలాంటి మనిషి ఒక్కతే ఉంది. తలుపు తియ్యడం లేదు.

"అత్తా, ఒక్కసారి తియ్యండి."

"ఎవరికమ్మా అత్త? నాకు మేనకోడళ్లెవరూ లేరు."

"నాన్నకి బాగాలేదు."

"పేపర్లో చూశాం. అలసటన్నారుగా. అలిసినవాడు పడుకోవాలి గానీ అక్కల్ని వెతుక్కోకూడదు."

నాగజ్యోతి ఇక బతిమాలలేదు. తన ఫోన్లో పట్టుకున్న తండ్రి గొంతును, ఫోన్ తలుపు చెక్కకు ఆనించి వినిపించింది. ఆ నాలుగు ముక్కలూ, మధ్యలో నిశ్శబ్దం, మళ్లీ ఆ నాలుగు ముక్కలూ. రెండోసారి పూర్తికాకముందే గడియ తీసిన చప్పుడైంది.

బసవమ్మ ఎత్తయిన మనిషి, వంగిపోయింది. రెండు చెంపల మీదా పసుప్పచ్చని పూత, ఎండి ముడతల దగ్గర పగుళ్లిచ్చి ఉంది. రంగూన్ ఆడవాళ్లు చెట్టు బెరడు అరగదీసి రాసుకునే గంధం. కాలనీలో ముసలివాళ్లు కొందరు ఇప్పటికీ మానలేదు.

"ఎవరెవరు విన్నారు?" అంది.

"నేను, డాక్టరు, ఒక నర్సు."

"అర్థమైనవాళ్లు?"

"ఎవరూ లేరు."

"ఇప్పుడొకతె ఉంది" అని ఆవిడ లోపలికి పోయి, తాళంకప్ప తెచ్చి, తలుపు వేసింది. సంచీ కూడా పట్టుకోలేదు.

కారు దగ్గర నాగజ్యోతి కొంచెం నసిగి, "ఆ మొహం తుడుచుకుంటారా అత్తా? ఆసుపత్రి కదా..." అంది.

"ఎందుకు? నిన్ను చూసి నవ్వుతారనా?" బసవమ్మ ముందు సీట్లో కూర్చుని తలుపు గట్టిగా లాక్కుంది. "పోనియ్."

*

డ్రైవరు కూడా లేకుండా తనే నడుపుకుంటూ వచ్చింది నాగజ్యోతి. పొన్నూరు దాటారు. రొయ్యల చెరువుల్లో గాలి చక్రాలు నీళ్లు చిమ్ముతున్నాయి.

"ఏమంటున్నాడు అత్తా?"

"వాడి ఎదుటే చెప్తాను. మనిషి వెనకాల మాట్లాడుకోవడం మీ ఇంటి పద్ధతి."

ఇంకాసేపటికి ఆవిడే అంది: "స్పీకరంటే మాట్లాడేవాడు కామోసనుకున్నా మొదట్లో. టీవీలో చూస్తే అందరూ అరుస్తారు, వీడొక్కడే అరవడు. కూచోండి, కూచోండి అంటాడు. ఇంత కష్టపడి పైకొచ్చింది జనాన్ని కూచోబెట్టడానికా అని మా కాలనీలో ఒకటే నవ్వు."

నాగజ్యోతికీ నవ్వొచ్చింది. నాన్న సభ నడిపే తీరు రాష్ట్రమంతటికీ తెలుసు. బాపట్ల కోర్టులో వకీలుగా, చేనేత సంఘానికి అధ్యక్షుడిగా, ఎమ్మెల్యేగా, మంత్రిగా ఒక్కో మెట్టూ ఎక్కిన మనిషి, చివరికి ఆ ఎత్తు కుర్చీలో కూర్చున్నాక గొంతు పెంచింది లేదు. సభ గోలగోలగా ఉంటే లేచి నిలబడి, చేతులు కట్టుకుని, పెదవి కదపకుండా చూస్తూ ఉండేవాడు. అరిచేవాళ్లకు వాళ్ల అరుపులు వాళ్లకే వినబడి సిగ్గేసేదాకా. ఎవరైనా సభ్యుడు తెలుగులో తడబడితే నెమ్మదిగా మాట అందించేవాడు. పత్రికలవాళ్లు దాన్ని హుందాతనం అన్నారు. ఇంట్లో కూడా అంతే. అన్నం మారు అడిగేవాడు కాదు, పెడితే తినేవాడు. కూర బాగాలేదని ఏనాడూ అనలేదు. మెత్తని మనిషని అమ్మ మురిసిపోయేది. నాగజ్యోతికి మాత్రం చిన్నప్పటినుంచీ ఒక అనుమానం. నాన్న తన ఇంట్లో తను చుట్టంలా ఉంటాడని, ఎవరో వచ్చి లెమ్మంటే లేచిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు కుర్చీ అంచున కూర్చుంటాడని. ఆ అనుమానాన్ని ఎవరికీ చెప్పలేదు. తనకు తాను కూడా సరిగ్గా చెప్పుకోలేదు.

*

గదిలో కిటికీ తెర వేసి ఉంది. జమలయ్య దిండుకు ఆనుకుని కూర్చుని, గోడ వైపు చూస్తున్నాడు. గడ్డం మాసింది. తలుపు చప్పుడుకు తిరిగి, అలవాటుగా ఆ మాటలే మొదలుపెట్టాడు.

బసవమ్మ మంచం అంచున కూర్చుంది. ఆయన చెప్పడం పూర్తయ్యేదాకా ఆగింది. తర్వాత, చాలా నెమ్మదిగా, వెతుక్కుంటూ వెతుక్కుంటూ, అదే భాషలో ఏదో అంది.

నాగజ్యోతి తండ్రి మొహాన్ని నలభై ఏళ్లుగా చూస్తోంది. గెలిచిన రోజు చూసింది, అమ్మను దహనం చేసి వచ్చిన రోజు చూసింది. ఇలాంటి మొహం ఎన్నడూ చూడలేదు. నుదురు మీది గీతలన్నీ ఒక్కసారిగా వదులైపోయాయి. కన్ను, ముక్కు, పెదవి, అన్నీ తమ బరువు దించుకున్నట్టయ్యాయి. అరవై ఆరేళ్ల మనిషి ఆ మొహంలోంచి ఎటో వెళ్లిపోయాడు. మిగిలినవాడు ముందుకు వంగి, బసవమ్మ చెంపకు ముక్కు ఆనించి, ఆ గంధం పూతను గట్టిగా, కళ్లు మూసుకుని పీల్చాడు.

"అక్కడ పిల్లలు తల్లిని ముద్దుపెట్టుకోవడం అలాగే" అంది బసవమ్మ, కదలకుండా. "వాసన చూస్తారు."

నాగజ్యోతికి మొదట కలిగింది జాలి కాదు, అసూయ. ఇన్నేళ్లలో తన చెంపను ఆయన అలా ఎన్నడూ తాకలేదు. ఆ అసూయకు వెంటనే సిగ్గుపడింది. సిగ్గు వల్ల గొంతు కటువుగా వచ్చింది.

"ఇప్పుడైనా చెప్తారా? ఏమంటున్నాడు?"

"నేను గోల చెయ్యను. నోరెత్తను. నన్ను పంపించకు. ఇదే. తిప్పి తిప్పి ఇదే."

"ఎవరితో? నాయనమ్మతోనా?"

"మా అమ్మకి ఆ భాష బజారు బేరాలకి తప్ప వచ్చేది కాదు. ఇంట్లో మేం తెలుగే. నేను వీధిలో ఆడుకుంటూ నేర్చుకున్నా. అందుకే చూడు, నాకు తడుముకోవాల్సొస్తోంది. వీడికి అక్కర్లేదు. వీడిది వీధిలో నేర్చింది కాదే పిల్లా, ఒళ్లో నేర్చింది."

నాగజ్యోతి గోడకు ఆనుకుంది.

"మా నాన్నకి రంగూన్లో ఇంకో ఇల్లుండేది. చుట్టలు చుట్టే మనిషి. టిన్ మ్యా ఆవిడ పేరు. ఆవిడకో కొడుకు, మాకో తమ్ముడు. మా తమ్ముడు పుట్టింది చీరాలలోనే, అది అబద్ధం కాదు. జమలయ్య వాడి పేరు. దేశం వదిలి పొమ్మన్నాక, ఓడకి పేర్లన్నీ రాయించుకున్నాక, వాడికి జ్వరమొచ్చి పోయాడు. ఓడలో మా నాన్నకి కొడుకు చోటుంది, కొడుకు లేడు. రేవుకి పోయే రోజు పొద్దున వెళ్లి వీణ్ణి తెచ్చాడు. ఆవిడ వెనకాలే వచ్చింది. రేవులో కంచె దాకా వచ్చింది." బసవమ్మ చెంపను ఆయన ముక్కు దగ్గరే ఉంచి మాట్లాడుతోంది. "వీడు ఏడవలేదు. అల్లరి చేస్తున్నానని అమ్మ పంపించేస్తోంది అనుకున్నాడు. అందుకే గోల చెయ్యనని చెప్తున్నాడు."

"నాయనమ్మ ఊరుకుందా?"

"ఊరుకోక? అన్నం అని తెలుగులో అడిగితేనే పెట్టేది, ఓడలో. లేకపోతే లేదు. మొండికేశాడు గానీ ఆకలి ముందు ఎవడి మొండితనం నిలుస్తుంది? నువ్వలా చూడకు. మా అమ్మ రాక్షసి కాదు. చచ్చిన కొడుకు పేరుతో ఇంకొకణ్ణి పిలవాలంటే, వాడు ఆ కొడుకులాగే పలకాలి. లేకపోతే ఆవిడ చెవులు ఒప్పుకోవు. ఓడ దిగేనాటికి వాడు పలికాడు. ఆవిడ ఒప్పుకుంది."

మారు అడగని నాన్న. కుర్చీ అంచున కూర్చునే నాన్న. నాగజ్యోతికి ఏళ్ల తరబడి విడివిడిగా ఉన్నవన్నీ ఒక్కచోటికి వచ్చి నిలబడ్డాయి. అలా నిలబడటం ఊరటగా లేదు. ఒక మనిషి సుగుణాలన్నీ ఒక ఆకలిలోంచి వచ్చాయని తెలిస్తే ఆ సుగుణాలను ఏం చేసుకోవాలి?

అప్పుడు ఆవిడకు ఇంకొకటి గుర్తొచ్చింది. వకీలు కూతురు కాబట్టి గుర్తొచ్చింది.

"మరి ప్రమాణం?"

ఆ ప్రమాణం కథ ఇంట్లో వీరగాథలా చెప్పుకునేవాళ్లు. నాన్న మొదటిసారి పోటీ చేసినప్పుడు ఎదుటి అభ్యర్థి శివరామయ్య, పాతకాలపు మనిషి, పెద్ద భూస్వామి, ఒక సవాలు విసిరాడు. జమలయ్య తన తల్లి కడుపున పుట్టిన తెలుగుబిడ్డే అయితే మా ఊరి ఆంజనేయస్వామి గుడికి వచ్చి, వెలిగించిన కర్పూరం అరచేత్తో ఆర్పి ప్రమాణం చెయ్యాలి, చేస్తే నేనిక ఆ మాటెత్తను అన్నాడు. కర్పూరం ఆర్పి అబద్ధం చెప్పినవాడి ఇంట్లో దీపం ఆరిపోతుందని ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. జమలయ్య వకీలు. "నా పుట్టుక నాకెలా తెలుస్తుందండి? చూసినవాళ్లు చెప్పాలి. మా అక్క చేస్తుంది" అన్నాడు. బసవమ్మ వెళ్లి, గుడి నిండా జనం చూస్తుండగా, మంట మీద చెయ్యి పెట్టింది. నాన్న గెలిచాడు.

"మా అమ్మ కడుపున పుట్టినవాడే అన్నాను" అంది బసవమ్మ. "నాతో మీ నాన్న అనిపించాడు. వద్దురా, నాకూ ఒక్కగానొక్కడున్నాడు అంటే, ఈ కాలంలో ఇదేంటక్కా అని నవ్వాడు. ఆ వానాకాలంలోనే మా అజయ్ బాబు మగ్గం గుంటలో కాళ్లు పెట్టాడు. గుంటలో పాము. పదిహేడేళ్లు వాడికి."

నాగజ్యోతి ఏదో అనబోయింది.

"ఏం అనకు. మీ నాన్న అన్నాడు చాలు. పదకొండో రోజు కార్లేసుకుని వచ్చాడు. నేను ప్రమాణం మాటెత్తితే, పాముకి ప్రమాణం తెలుస్తుందా అక్కా అన్నాడు. నిజమే. తెలీదు. నాకు తెలుసుగా? ఆ రోజు వేసిన తలుపు ఇవాళ తీశాను."

జమలయ్య ఆవిడ చేతిని తన రెండు చేతులతో పట్టుకుని నిద్రలోకి జారుతున్నాడు. పట్టు మాత్రం సడలలేదు.

నాగజ్యోతి లెక్కలు వేసుకుంది. బాధలో కూడా మనసు తన పని తాను చేసుకుపోతుందని, అది చేసే పని చాలాసార్లు నీచంగా ఉంటుందని ఆవిడకు కొత్తగా తెలిసింది. చట్టం ఏమంటుందన్నది తర్వాతి సంగతి. ఆయన తండ్రి భారతీయుడే కాబట్టి చట్టం వదిలేసినా వదిలేస్తుంది. జనం వదలరు. గుడిలో అబద్ధం ఆడించినవాణ్ణి వదలరు.

"మీరు ఇక్కడే ఉండండి అత్తా. మాట మళ్లీ వచ్చేదాకా. మీరుంటే నిదానంగా ఉన్నాడు."

"వస్తుందిలే తెలుగు. ఒకసారి ఆకలితో వచ్చింది, ఈసారి మందులతో వస్తుంది." బసవమ్మ తల ఎత్తింది. "ఉంటాను. వచ్చిపోయేవాళ్లకి నన్ను ఎవరని చెప్తావ్?"

జవాబు చెప్పేలోపే తలుపు మీద రెండుసార్లు మెత్తగా చప్పుడైంది. ఆ వెంటనే తలుపు తెరుచుకుంది.

*

"లోపలికి రావచ్చామ్మా?" అప్పటికే లోపల ఉన్నాడు శశిధర్. డిప్యూటీ స్పీకర్. తెల్ల చొక్కా, చేతిలో బత్తాయిల సంచీ. గన్‌మన్‌ను బయటే ఆపాడు. శివరామయ్య కొడుకతను. రాజకీయాల్లో పాత పగలు ఎక్కువకాలం నిలవవు. ఎప్పుడో రెండు జెండాలూ కలిసిపోయాయి, జమలయ్యను అతను బాబాయ్ అంటాడు.

"చెప్పకుండా వచ్చానని ఏమనుకోకు జ్యోతీ. ఫోన్ చేస్తే నిద్రపోతున్నారంటున్నావ్. ఎంతసేపని నిద్రపోతారు? బాబాయ్ అంత బద్ధకస్తుడు కాదే అని..." అతని చూపు మంచం దగ్గర ఆగింది. "ఈవిడెవరు?"

"ఆయా. నిన్నే పెట్టుకున్నాం."

అబద్ధం ఆడాలా వద్దా అని ఆవిడ ఆలోచించలేదు. ఆ మాట ఎప్పటినుంచో నాలుక కింద సిద్ధంగా ఉన్నట్టు బయటికొచ్చింది. అచ్చం నాన్న గొంతే. అంతే నెమ్మది, అంతే మర్యాద. తండ్రి దగ్గర్నుంచి తనకు ఏం వచ్చిందో నాగజ్యోతి ఆ క్షణంలో విన్నది.

బసవమ్మ ఆయాలు లేచినట్టే లేచింది. తమ్ముడి వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, చెయ్యి తీసుకుని, మంచానికి అవతల గోడ పక్కన నిలబడింది.

జమలయ్య కళ్లు తెరిచాడు. ఖాళీ చేతులు చూసుకున్నాడు. ఆ నాలుగు ముక్కలూ మొదలయ్యాయి. ఈసారి గట్టిగా.

"ఏంటమ్మా అది? ఏమంటున్నారు?"

"శబ్దాలేనండి. మామూలేనన్నారు డాక్టరుగారు. మీరు బయట కూర్చోండి అన్నయ్యా, నేను కాఫీ..."

శశిధర్ కదల్లేదు. జమలయ్య ఆగి, చెవి ఒగ్గి, మళ్లీ అన్నాడు. గొంతు పగిలిపోతోంది. నోరెత్తనని, గోల చెయ్యనని, అంత పెద్ద గొంతుతో అరుస్తున్నాడు. కన్నీళ్లు గడ్డంలోకి దిగుతున్నాయి. తలుపు బయట అడుగుల చప్పుడు వినిపించింది. నాగజ్యోతి తండ్రి భుజం పట్టుకుంది, "నాన్నా, నాన్నా" అంది. ఆ పిలుపు ఆయనకు చేరలేదు. తెలుగులో ఆయనకు ఇప్పుడు ఎవరూ ఏమీ కారు.

గోడ పక్కనుంచి బసవమ్మ రెండే రెండు ముక్కలు పలికింది.

జమలయ్య ఆగిపోయాడు. దిండు మీద తల వాల్చి, ఎగపీలుస్తూ, ఆవిడ వైపే చూస్తూ ఉండిపోయాడు.

శశిధర్ బత్తాయిల సంచీ బల్ల మీద పెట్టాడు. ఏమీ తోచనివాడిలా సంచీ ముడి ఒకసారి విప్పి, మళ్లీ వేశాడు. తర్వాత మంచం చుట్టూ తిరిగి ముసలావిడ ఎదుటికి వెళ్లాడు. ఆ పసుప్పచ్చని చెంపలను, వంగిన మెడను, చాలాసేపు చూశాడు.

"బసవమ్మగారు కదండీ మీరు?"

ఆవిడ తల పక్కకు తిప్పుకుంది.

"నాకప్పుడు పన్నెండేళ్లండి. గుడిలో మా నాన్న పక్కనే ఉన్నాను. మీరు చెయ్యి పెడుతుంటే భయమేసి కళ్లు మూసుకున్నా. మూసుకునేముందు మీ మొహమే చూశా. అది మరిచిపోయే మొహమాండీ?" అతను నాగజ్యోతి వైపు తిరగలేదు. తిరిగి అడిగితే బాగుండునని ఆవిడకు అనిపించింది. "మా నాన్న ఆ తర్వాత మళ్లీ పోటీ చెయ్యలేదు. అందరూ ఓడిపోయినందుకనుకున్నారు. కాదండి. ఒక ఆడమనిషిని, అంతమంది మగాళ్ల మధ్యకి ఈడ్చి, తల్లి శీలాన్ని నిప్పు మీద రుజువు చెయ్యమన్నానురా అని కుమిలిపోయేవాడు. ఆవిడ నిజం చెప్పింది, నేనే పాపిని అనేవాడు. మీ అబ్బాయి పోయాడని తెలిసినప్పుడు రెండ్రోజులు అన్నం ముట్టలేదు. ఆ పాపం నాదే, నిజం చెప్పినావిడకి తగిలింది అన్నాడు. పోయేముందు మీ కాళ్లు మొక్కి రమ్మని నాతో మాట తీసుకున్నాడు. నేను రాలేదండి. మొహం చెల్లలేదు."

అతను వంగాడు. వేషం కాదది. వేషాలు చూసి చూసి పెరిగిన నాగజ్యోతికి తేడా తెలుసు. వేషమైతే ఇంత భయం వేసేది కాదు.

వేళ్లు పాదాలకు తగలకముందే బసవమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. వీపు గోడకు తగిలింది.

"ముట్టుకోకు బాబూ." ఊపిరి అందుకోవడానికి ఆగింది. ముప్పై ఏళ్లుగా ఆవిడ, ఆ అబద్ధానికి శిక్ష తన ఇంటికి మాత్రమే పడిందనుకుంది. ఆ శిక్ష ఇంకో ఇంట్లో, ఏ తప్పూ చెయ్యని ఒక మనిషిని చచ్చేదాకా కూర్చుని తిన్నదని ఇప్పుడే వింది. "మీ నాన్న ఏ పాపం చెయ్యలేదు."

"అదేంటండీ?"

"ఆ కుర్చీ లాక్కుని కూచో బాబూ. నించుని వినే సంగతి కాదు."

శశిధర్ అయోమయంగా కుర్చీ లాక్కున్నాడు. టైల్స్ మీద దాని కాళ్లు కీచుమన్నాయి. బసవమ్మ అతని వైపు కాదు, మేనకోడలి వైపు చూసింది. ఆ చూపులో బెదిరింపు లేదు, నిష్ఠూరమూ లేదు. ఆవిడ గడువిస్తోంది, అంతే.

ఒక్క పిలుపు చాలు. అత్తా అంటే ఆవిడ ఆగుతుంది, అది నాగజ్యోతికి తెలుసు. ఆ కాలనీలో ఒంటరిగా ముసలిదైన మనిషి ఆ పిలుపుకి ఆగుతుంది. కానీ ఇందాక ఆయా అన్న నోటితో ఇప్పుడు అత్తా అని ఆపితే, దాచాల్సిందేదో ఉందని శశిధర్‌కు ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. పిలిచినా బయటపడుతుంది, పిలవకపోయినా బయటపడుతుంది. తేడా ఒక్కటే. చెప్పిన నోరు ఎవరిదన్నది.

జమలయ్య ఎప్పుడో మళ్లీ నిద్రపోయాడు. ఏ గొడవా చెయ్యడం లేదు.

నాగజ్యోతి నోరు తెరిచింది.